వంగిన వెన్నుల వంశావళి

నాకూ నా ఇంటివారికీ జరిగిన అన్యాయాలను మొదట తేదీల వారీగా నమోదు చేస్తున్నాను. ఇవి నా దినచర్య పుస్తకాల నుండి ఎత్తి రాసినవి. జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది ఇందులో ఒక్కటీ లేదు.

1974 ఫిబ్రవరి 11. మా నాయన చనిపోయిన రోజు. ఆయన నడుము అప్పటికి ఇరవై ఏళ్లుగా వంగి బిగుసుకుపోయి ఉన్నందువల్ల పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టడం సాధ్యం కాలేదు. పక్కకు ఒరిగించి కట్టవలసి వచ్చింది. పాడె మోయడానికి వచ్చిన వారిలో ఒకరు, నేను వింటూ ఉండగానే, “ఈళ్ల వంశమే అంతప్పా. వంగిపోయే వంశం. ఇంగొకడు తయారైతాండాడు సూడు,” అని గడ్డంతో నా వైపు చూపించారు.

1979 సెప్టెంబరు 3. మా ఊరి బ్రాంచి పోస్టాఫీసుకు ఒక కార్డు వచ్చింది. నా పేరు కింద, ఇంటి పేరు రాయవలసిన చోట, “గూనోళ్ల ఇల్లు” అని రాసి ఉంది. రాసినవారు దూరపు బంధువులే. ఎగతాళికి రాయలేదు, అదే మా చిరునామా అనుకొని రాశారు. ఆ పోస్టాఫీసుకు పోస్టుమాస్టరును నేనే. నియమం ప్రకారం దాని మీద తేదీ ముద్ర వేసి, నాకు నేనే బట్వాడా చేసుకున్నాను.

1982 మే 9. మా అబ్బాయికి నల్లమాడ దగ్గరి ఊరిలో కుదిరిన సంబంధం వారు, మార్చుకున్న తాంబూలాలను తిప్పి పంపారు. తెచ్చిన మనిషి పళ్లెం అరుగు మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. కారణం అడిగితే “పెద్దోళ్లు వద్దన్నారు,” అన్నాడు. ఏ పెద్దలు, ఎందుకు వద్దన్నారు అని అడిగితే చెప్పులు వేసుకున్నాడు.

1982 జూలై 20. నా మెడ చూపించుకోవడానికి ఒక ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారు “మీ నాయనకు కూడా ఇట్లే ఉండేదా?” అని ఒక్క ప్రశ్న అడిగారు. ఉండేదన్నాను. చీటీ మీద ఇంగ్లీషులో ఒక మాట రాశారు. అది వంశపారంపర్యమనే మాట అని బయట కాంపౌండరు చెప్పాడు. నేను ఎక్కడ పెరిగాను, ఏమి తిన్నాను, ఏమి తాగాను అనే ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

ఈ నాలుగూ కలిసి నన్ను మా వంశ చరిత్రలోకి తోశాయి. అంతకు ముందు నాకు ఆ ఆసక్తి లేదు. మా పూర్వీకులు ఏ పాళెగాని దగ్గర ఏ కొలువు చేశారో, ఏ సీమ నుండి వలస వచ్చారో తెలుసుకోవాలని నేనెన్నడూ అనుకోలేదు. నాకు కావలసింది ఒకే సంగతి. మా ఇంట్లో మొట్టమొదట వంగిన మనిషి ఎవరు?

ఈ ప్రశ్న వెనుక నా కొడుకు ఉన్నాడు. అప్పటికి వానికి ఇరవై నాలుగేళ్లు. నిటారుగా ఉన్నాడు. అయితే మా నాయన కూడా ఇరవై నాలుగేళ్లకు నిటారుగానే ఉన్నాడు; నేనూ ఉన్నాను. ఈ జబ్బు నిజంగా మా రక్తంలోనే ఉంటే, తెలిసి తెలిసి ఇంకొక ఇంటి పిల్లను తెచ్చి వానికి కట్టబెట్టే హక్కు నాకు లేదు. రక్తంలో లేకపోతే, మా తాంబూలాన్ని తిప్పి పంపే హక్కు వారికి లేదు. ఈ రెండింటిలో ఏది నిజమో తేలేదాకా నాకు అన్నం సహించలేదు.

ఆ నెలలలో నేను చేసిన ఒక పనిని ఒప్పుకోవాలి. పొద్దున వాడు ఎద్దులను విప్పే వేళకు నేను పోస్టు సంచి కట్టే తాడునో, లక్క ముక్కనో కావాలని కింద పడేసేవాడిని. వాడు వంగి తీసి ఇచ్చేటప్పుడు నడుము ఎంత తేలికగా వంగుతోంది, ఎంత సేపటికి లేస్తోంది అని గమనించి పుస్తకంలో రాసుకునేవాడిని. ఒకరోజు వాడు తాడు తీసి నా చేతిలో పెట్టి, “నాయనా, ఈ వారంలో ఇది నాలుగోసారి పడేసినావు. నా నడుము సూడాలంటే అడుగు, వంగి సూపిస్తా. ఆ తాడేం పాపం చేసింది?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు పుస్తకంలో ఏమీ రాయలేదు.

నా సంగతి చెప్పాలంటే, తల వెనక్కి వాల్చడం అప్పటికే పోయింది. మా సీమలో మబ్బు చూడకుండా ఎవరికీ పూట గడవదు. ఆషాఢంలో తూర్పున మసక వేసినా అందరూ వీధిలోకి వచ్చి తల ఎత్తి నిలబడతారు. నేను మాత్రం లోపలికి వెళ్లి, నులక మంచాన్ని వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, దాని మీద వెల్లకిలా పడుకొని మబ్బు చూసేవాడిని. దారిన పోయేవారు “వాన కోసం పడక వేసినావే పెద్దాయనా,” అనేవారు.

పని ఒక పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. పొడుగు పుస్తకం ఒకటి తెచ్చి గళ్లు గీశాను. మనిషి, పుట్టిన చోటు, బతికిన చోటు, పళ్లు, మెడ, నడుము, చెప్పిన సాక్షి. చెప్పేవారు కళ్లారా చూసిన సంగతులు మాత్రమే రాయాలని నియమం పెట్టుకున్నాను. “అంటా ఉండ్రి” అని ముగిసే మాటలను వెనుక అట్ట లోపలి వైపు వేరుగా రాశాను. బంధువులందరికీ కార్డులు వేశాను. కొందరు జవాబు రాశారు. కొందరు పొలం తగాదా కోసం వాటాలు లెక్క కడుతున్నానేమోనని భయపడి జవాబు రాయలేదు. కదిరి నుండి ఒక దాయాది “మా నడుములతో నీకేమి పనప్పా, నీ నడుము చూసుకో,” అని రాశాడు. ఆ కార్డును కూడా దాచాను.

నవంబరు నాటికి పుస్తకంలో నిండిన గళ్లు ఇవి. మా నాయన నలభై దాటగానే వంగాడు. చిన్నాయన వంగాడు. చిన్నాయన కొడుకులు ఇద్దరూ వంగుతున్నారు. నేను వంగుతున్నాను. ఇక పళ్ల సంగతి. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేటప్పుడు వాటి మీద గోధుమరంగు చారలు వస్తాయి. అది మాకు అవమానంగా ఎన్నడూ తోచలేదు. బిడ్డ నోరు తెరిచి చూసి, “మన పోలికే! మన పోలికే వచ్చినాది!” అని మా అవ్వ మురిసిపోయేది. నా కొడుక్కు ఏడో ఏట ముందరి పంటి మీద చార కనబడినప్పుడు నేను కూడా అదే మాట అని, వానిని భుజం మీద ఎత్తుకున్నాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

నాయన కంటే పై తరం గళ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. మా తాత నేను పసివాడిగా ఉన్నప్పుడే పోయాడు. ఆయన నడుము చూసిన మనిషి ఒక్కరే మిగిలి ఉన్నారు. మా మేనత్త, నాయనకు అక్క. శింగనమల చెరువు కింది ఊరిలో ఉంది. ఎనభైకి దగ్గర పడింది. ఆమెకు రాయడం, చదవడం రావు. కార్డు వేస్తే లాభం లేదు. డిసెంబరులో పోస్టాఫీసుకు బదులు మనిషిని పెట్టి, కదిరిలో ఒకసారి, అనంతపురంలో ఒకసారి బస్సు మారి వెళ్లాను. దారి పొడుగునా ఒకటే దిగులు. తాత కూడా వంగి ఉన్నాడని ఆమె అంటే, నా వెదుకులాట అక్కడితో ముగిసిపోతుంది. ఇంటికి వచ్చి కొడుక్కు ఆ మాట చెప్పాలి. ఆ మాటలు ఎలా చెప్పాలో బస్సులో కూర్చుని రెండు మూడు రకాలుగా అనుకొని చూశాను. ఒక్కటీ నోటికి రాలేదు.

అత్త పంచలో విత్తనం శెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, నేలకు చెయ్యి ఆనించకుండా, ఒక్క ఊపున లేచి నిలబడింది. ఆ లేవడం చూసి నేను పలకరించడం మరచిపోయాను.

“ఏమిరా, తల ఎత్తకుండా నిలబడుకున్యావు? యాడన్నా తప్పు చేసి వచ్చినావా?” అంది.

“ఎత్తలేనత్తా.”

ఆమె దగ్గరికి వచ్చి నా మెడ వెనుక చెయ్యి వేసి నొక్కి చూసింది. చేతిలోని శెనక్కాయ పొట్టు నా చొక్కా మీద రాలింది. “నీగ్గూడానా,” అంది. లోపలికి పోయి, తల పైకెత్తి, ఉట్టి మీది నుండి మజ్జిగ కుండ దించింది. నేను అదీ చూశాను.

మజ్జిగ తాగిన తర్వాత పుస్తకం తెరిచాను. “అత్తా, తాతకు నడుము ఎట్ల ఉండె? నువ్వు కండ్లతో సూసిందే సెప్పు.”

“మీ తాతకా? దూలాన్ని మోసే నిట్టాడు లెక్కన ఉండె. పోయే యేడు గూడా కొండెక్కి కట్టెలు తెచ్చినాడు. వంగమంటే వంగేటోడు కాదు, అదీ ఆయన జబ్బు,” అని నవ్వింది.

“ఆయన నాయన?”

“సూసినా. నేను చిన్నపిల్లను. ఆ ముసిలాయన చింతచెట్టెక్కి చిగురు దూసేటోడు. కింద నుంచి ముసిలామె తిట్లు. దిగేదాకా తిట్టేది, దిగినాక చిగురు ఏరుకొని పప్పులో వేసేది.”

“ఇంకా పైన?”

“ఇంగా పైన నేనెట్ల సూస్తారా? నా వయసెంతనుకుంటివి?”

మా వంశంలో మొదట వంగిన మనిషి మా నాయన. ఆయనకు పైన ఒక్కరూ వంగలేదు. ఆయనకు కింద వంగనివారు దాదాపు లేరు. ఇది ఎలా సాధ్యం? నేను పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాను. అత్త మళ్లీ చేట ముందు కూర్చుని, ఏదో మామూలు మాట అడిగినట్టు అడిగింది.

“ఇంగా ఆ బావి నీళ్లే తాగుతాండారా?”

ఆ బావి కథ మా ఇంట్లో అందరికీ తెలిసినదే. అత్త పెళ్లి జరిగిన ఏడు పెద్ద కరువు. ఊరి బావిలో నీళ్లు అడుగంటితే కడవలు వరుసలో పెట్టి వంతు ప్రకారం తోడుకునేవారు. ఒకరోజు మా అవ్వ కడవలను ఎవరో వరుస నుండి పక్కకు తోశారు. ఒకటి పగిలింది. తాత చావడి దగ్గర నిలబడి, “ఈ బావి నీళ్లు ఇంగ నా గడప దాటవు,” అన్నాడు. మా సొంత చేనిలో, బండ పగలగొట్టి, ఊళ్లో ఎవరూ పోనంత లోతుకు పోయి బావి తవ్వించాడు. తియ్యటి నీళ్లు పడ్డాయి. ఎంతటి ఎండాకాలంలోనూ ఆ బావి ఎండలేదు. ఆ రోజు నుండి మా ఇంటివారు ఊరి బావి నీళ్లు ముట్టలేదు. ఊళ్లో పెళ్లిళ్లకు పోయినా మా నీళ్లు మేమే చెంబుతో తీసుకుపోయేవాళ్లం. మా నీళ్లు ఇతరులు అడగలేదు. మేము ఇవ్వనూ లేదు. చిన్నప్పటి నుండి ఈ కథను మా ఇంటి పౌరుషానికి గుర్తుగా విన్నాను. నా పిల్లలకు అలాగే చెప్పాను.

“నువ్వు ఆ నీళ్లు తాగినావా అత్తా?”

“నీళ్లు పడిన వారానికే నన్ను ఈడికి పంపించినారు. కానుపులకు వచ్చినప్పుడు తాగింటి. అంతే. ఏమి? ఎందుకట్ల సూస్తావు?”

తిరుగు బస్సులో పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకొని, పేజీకి అడ్డంగా ఒక గీత గీశాను. గీతకు పైన బావి లేని కాలం. కింద బావి ఉన్న కాలం. పైన ఒక్క వంగిన వెన్నూ లేదు.

సంతోషపడవలసింది. పడలేకపోయాను. నాకు కావలసిన జవాబు కనుకనే దాన్ని అనుమానించాను. జబ్బు మా నాయన, చిన్నాయనలతో తనంతట తానే మొదలై, వారి రక్తం ద్వారా మాకు వచ్చి ఉండవచ్చు కదా. బావి ఆ సమయానికే తవ్వడం ఒట్టి కాకతాళీయం కావచ్చు. ఈ సందేహం తీరాలంటే ఒకటే దారి. మా రక్తం లేనివారు, మా నీళ్లు తాగినవారు కావాలి. అలాంటివారు ఎక్కడ దొరుకుతారు? మా నీళ్లు మేము ఎవరికీ ఇవ్వలేదే! మూడు వారాలు నేను ఈ ప్రశ్నతో తలకొట్టుకున్నాను. నా మూర్ఖత్వాన్ని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాను. నా భార్య బావి నుండి వచ్చి, చంకలోని కడవ దించి, నా వెనుక నిలబడింది. ఆమెకు చదువు కొద్దిగా వచ్చు.

“ఇందులో నా పేరు యాడుండాది?” అంది.

“ఇది వంశావళి. నువ్వు బయటి నుంచి వచ్చినదానివి. కోడండ్లకు ఇందులో గడి ఉండదు.”

“వచ్చి ముప్పై యేండ్లాయె. ఇంగా బయటే ఉండానా?”

“అట్ల కాదు. రక్తం లెక్క ఇది.”

“సరే, రక్తం లెక్కే అనుకో. మరి నా మెడ ఏ లెక్కలోది?” అంది. నేను తల తిప్పలేను కనుక ఒళ్లంతా తిప్పి ఆమె వైపు చూశాను. “నాలుగేండ్లాయె, కడవ నెత్తికెత్తుకోలేను. సంకన పెట్టుకొని తెస్తాండా. నువ్వు సూడలేదు. పిలిస్తే మెడ తిరగదు, మనిషంతా తిరగల్ల. నువ్వు పొగరనుకుంటివి. పోయిన ఉగాదికి అందరిముందు అన్నావు గూడా, ‘పిలిస్తే ఇంతసేపటికి తిరుగుతాది మహారాణి’ అని.”

“ఎందుకు చెప్పలేదు?”

“మీ ఇంట్లో అందరికీ ఉండేదే గదా అనుకుంటి. నీ పుస్తకం సూసినాంక ఆలోచన వచ్చినాది. నేను మీ ఇంట్లో పుట్టలేదే! మీ రక్తం నాకు యాడిది?”

ఆ రోజే పుస్తకంలో కొత్త పేజీలు చేర్చి కోడళ్లకు గళ్లు గీశాను. మా చిన్నమ్మ, నా తమ్ముని భార్య, చిన్నాయన కొడుకుల భార్యలు. ఒక్కొక్కరి ఇంటికి పోయి అడిగాను. గడ్డం రొమ్ముకు ఆనించమన్నాను. నేల మీది నుండి పుల్ల తీయమన్నాను. నవ్వారు, సిగ్గుపడ్డారు, చివరికి చేశారు. ఆ తర్వాత మా ఇంట్లో పుట్టి బయటి ఊళ్లకు కాపురానికి పోయిన ఆడపిల్లలకు కార్డులు వేసి, వారి సంగతులు కూడా రాయించాను. అప్పుడు పుస్తకం తనంతట తానే మాట్లాడింది. మా ఇంట పుట్టి బయటికి పోయిన ఆడపిల్లలకు పళ్ల మీద చారలున్నాయి, నడుములు నిటారుగా ఉన్నాయి. బయట పుట్టి మా ఇంటికి వచ్చిన కోడళ్లకు పళ్లు తెల్లగా ఉన్నాయి, మెడలు బిగుసుకున్నాయి. చిన్నప్పుడు తాగినవారికి ఆ నీళ్లు పళ్లలో గుర్తు పెట్టాయి. ఏళ్ల తరబడి తాగినవారికి ఎముకల్లోకి దిగాయి.

ఒక్క ఇల్లే వంగింది కనుక ఊరు దాన్ని వంశం జబ్బు అంది. ఒక్క ఇల్లే ఎందుకు వంగిందంటే, ఆ ఇల్లు మాత్రమే ఆ బావి నీళ్లు తాగింది. అలా తాగేటట్లు కాపలా కాసింది మేమే. పైన రాసిన జాబితా ఇతరులు మాకు చేసిన అన్యాయాల జాబితా. నేను చేసినది అందులో చేర్చలేదు. ఇక్కడ రాస్తున్నాను. 1971 ఏప్రిల్ 17న మా బావి మోకు తెగి కడవ లోపల పడిపోయింది. నా భార్య ఊరి బావి నుండి రెండు కడవలు తెచ్చింది. గడప దగ్గర నేను ఆమెను ఆపి, ఆ నీళ్లను వీధిలో పారబోయించాను. పిల్లలు దాహంతో సాయంత్రం దాకా కాచుకున్నారు. ఆ రోజు నా దినచర్యలో “మాట నిలిచింది” అని రాసుకున్నాను. దస్తూరీ చాలా అందంగా ఉంది.

కోడళ్ల గళ్లన్నీ నిండిన మరునాడు పొద్దున నా భార్య నన్ను అడగకుండా కడవ తీసుకొని ఊరి బావికి పోయింది. నేను మా ఇంటి ముందు గదిలోని పోస్టాఫీసు కిటికీ నుండి చూశాను. బావి దగ్గర ఆడవాళ్లు తోడడం ఆపేశారు.

“ఏమక్కా, తోవ తప్పినావా?” అంది ఒకామె.

“తోవ తప్పింది మా ఇంటి పెద్దాయన. నేను సరిగ్గానే వచ్చినా. రవ్వంత జరుగు.”

“మీ బావికేమాయె? ఎండిపోయిందా?”

“ఎండింటే బాగుండు,” అని తాడు వేసింది.

ఆమె గడప దాటి లోపలికి వచ్చేటప్పుడు నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. నా కొడుకు ముందుగా తాగాడు. ఆ తర్వాత నేను తాగాను. ఇంతకాలం తాగినది ఎంత, ఇప్పుడు మానితే మిగిలేది ఎంత అనే లెక్క తప్ప నా మనసులో వేరే ఏమీ లేదు.

ఫిబ్రవరిలో పుస్తకం గుడ్డలో చుట్టుకొని, తాంబూలాలు తిప్పి పంపిన పిల్ల తండ్రి దగ్గరికి పోయాను. నిశ్చయమైన రోజులలో ఆయన నన్ను నోరారా “బావా” అనేవారు. ఆ రోజు ఏమని పిలవాలో తెలియక, “కూర్చోండి,” అని గోడతో చెప్పినట్టు చెప్పారు. పేజీ పేజీ తిప్పి చూపించాను. శ్రద్ధగా విన్నారు. వేలు పెట్టి గళ్లు లెక్కించారు.

“బాగా రాసినావు. కరణాలు గూడా ఇట్ల రాయరు,” అన్నారు. “కానీ రాసింది నువ్వే గదా. మీ ఇంటి జబ్బు మీ ఇంటిది కాదని నువ్వే రాసి, నువ్వే తెచ్చి సూపిస్తే ఎట్లప్పా? నేను నమ్మినా అనుకో. నా అన్నదమ్ములు? ఆడోళ్లు? రేపు పిల్ల మెడ పట్టిందంటే నన్ను బతకనిస్తారా?”

“మరి ఏం చేయమంటారు?”

“సర్కారు కాగితం తే. ఆ నీళ్లలో ఇది ఉండాది, దాని వల్లనే వస్తాది అని. ఒక సంతకం, ఒక ముద్ర. వచ్చే ఉగాది కాదు, ఆ పై ఉగాది దాకా పిల్లను ఎవరికీ మాటియ్యను. పిల్ల గూడా ఇంగొక సంబంధం అంటే మొగం తిప్పుకుంటాది. కానీ ఆ పైన నా చేతుల్లో లేదు.”

నాకు ఆ మాటలో అన్యాయం కనిపించలేదు. నేనైనా కాగితమే అడిగేవాడిని.

నీళ్లు పరీక్షించే ఆఫీసుకు అర్జీలు పెట్టాను. 1983 మే 24న మా ఊరి కొత్త చేతిపంపు పరీక్షకు జీపులో ఇద్దరు వచ్చారు. నేను చెయ్యి పట్టుకున్నంత పని చేసి వారిని మా బావి దగ్గరికి తీసుకుపోయాను. వారిలో చిన్నవాడు సీసా నింపి, ఎండకు తాళలేక, నేను వద్దు వద్దంటున్నా దోసిలితో రెండు గుక్కలు తాగాడు. “నీళ్లు బాగుండాయే పెద్దాయనా, తియ్యగుండాయి. ఇవి బాగలేవని ఎవరు చెప్పిరి?” అన్నాడు. నా నడుము చూపించాను. వాడు మూతి తుడుచుకున్నాడు. సీసాకు చీటీ అంటించి, దాని మీద నాతో సంతకం చేయించుకున్నారు. నెల రోజుల్లో కాగితం వస్తుందన్నారు.

నెల అయింది. రెండు, మూడు నెలలు అయ్యాయి. రిజిస్టరు పోస్టులో, రశీదు కార్డుతో సహా, నాలుగు ఉత్తరాలు పంపాను. నాలుగు కార్డులూ ఎవరో అందుకున్నట్టు సంతకాలతో తిరిగి వచ్చాయి. నాలుగు సంతకాలు నాలుగు రకాలు. జవాబు మాత్రం రాలేదు. నవంబరులో స్వయంగా పోయాను. బల్ల వెనుక గుమాస్తా ఫైలు తిరగేసి, “ఫలితం వచ్చిందిలే పెద్దాయనా. ఫ్లోరైడు ఉండాది. ఆ నీళ్లు తాగొద్దు,” అన్నాడు.

ముప్పై ఏళ్లుగా మా వంశం మోసిన మాటకు జవాబు అంత మామూలుగా వచ్చింది. బల్ల పట్టుకున్నాను.

“ఆ మాట కాగితం మీద ఇవ్వండి.”

“నోటితో చెప్పినా గదా. తాగొద్దన్నాం, మానుకోండి. కాగితం ఇయ్యాలంటే పైనుంచి రావల్ల.”

“పైనుంచి ఎప్పుడు వస్తుంది?”

“అది వాళ్లను అడగల్ల.”

“వాళ్లెవరు?”

ఫైలు మూసేశాడు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. నా భార్య, “అయితే మనం అనుకున్నదే నిజం,” అని నిట్టూర్చింది. నా కొడుకు అడిగాడు, “నాయనా, కాగితం రాకపోతే నేను గూనోడినేనా?”

వానికి నేను ఇవ్వలేకపోయిన జవాబును ఇవ్వగలిగినవారు ఒక్కరే ఉన్నారు. కనుక ఈ రాతను ఇక్కడ నుండి వారి పేరిట రాస్తున్నాను.

నీటి పరీక్షల కార్యాలయపు అధికారి గారికి,

1983 మే 24న మా చేనిలోని బావి నుండి మీ సిబ్బంది ఒక సీసా నీళ్లు తీసుకున్నారు. దాని చీటీ మీద నా సంతకం ఉంది. దాని ఫలితం మీ ఫైలులో ఉందని నవంబరులో మీ గుమాస్తా నోటిమాటగా చెప్పారు. ఆ ఫలితం మీద నా కొడుకు పెళ్లి, మా ఇంట్లో ఇక ముందు పుట్టబోయే బిడ్డల మీద పడబోయే నింద ఆధారపడి ఉన్నాయి. పెళ్లివారు ఇచ్చిన గడువు ఈ ఉగాదికి తీరిపోతుంది.

కాబట్టి నేను మిమ్మల్ని అడుగుతున్నాను. మా బావి నీళ్లలో ఏమి ఉంది, ఎంత ఉంది? అది మనుషులు తాగదగిన హద్దు దాటిందా, లేదా? ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి, వారు ఏ ఇంట పుట్టినా, ఏ రక్తం వారైనా, మెడలూ నడుములూ బిగుసుకుపోతాయా, లేదా? అదే రోజు తీసుకున్న ఊరి చేతిపంపు నీళ్ల ఫలితం ఏమిటి? ఆ పంపు బోరును మా బావి కంటే లోతుకు వేశారు. ఎగతాళి చేసినవారి పిల్లలు ఇప్పుడు ఆ పంపు నీళ్లు తాగుతున్నారు.

ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి విడివిడిగా, మీ సంతకంతో, మీ కార్యాలయపు ముద్రతో, ఈ ఉత్తరం అందిన పదిహేను రోజులలోపు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నోటిమాటగా చెప్పే ఏ జవాబునూ నేను జవాబుగా స్వీకరించను. జవాబు ఇవ్వడం మీకు సాధ్యం కాకపోతే, ఎందువల్ల సాధ్యం కాదో, ఎవరి ఆజ్ఞ వల్ల సాధ్యం కాదో, అదైనా రాసి ఇవ్వండి.

1984 ఫిబ్రవరి 6.